నాన్న రాసిన లైను మీద గీత

కళ్లద్దాలాయన గుమ్మం దాకా గొంతు పెంచుకునే వచ్చాడు. లోపల కంప్యూటర్ ముందు నాన్న కూర్చుని ఉండటం చూడగానే ఆ గొంతు చల్లబడిపోయింది. "బాగున్నారా గురువుగారూ" అని ఓ నవ్వు నవ్వి, చెప్పులు విప్పకుండానే వెనక్కి జరిగి, పిచ్చుకను కళ్లతో బయటికి పిలిచాడు.

పిచ్చుక ఆ ఇంటి అమ్మాయి. అసలు పేరు వేరే ఉంది గాని అది రేషను కాగితాలకే పరిమితం. చిన్నప్పటి నుంచీ ఏం మాట్లాడినా పక్కనున్నవాళ్లు "ఏంటీ?" అని రెండోసారి అడగాల్సి వచ్చేది. దాంతో వాళ్లతోనే ఉంటూ బట్టలు కుట్టే పిన్ని "పిచ్చుక గొంతు" అని వెక్కిరించడం మొదలుపెట్టింది. చివరికి గొంతు పోయి పిచ్చుక మిగిలింది.

"అమ్మా, నేను అమ్మేదేంటి?" అన్నాడు కళ్లద్దాలాయన మెట్ల మీద నిలబడి.

"కళ్లద్దాలండీ."

"మరి మీరు కట్టిన నా షాపు వెబ్ పేజీ చూడాలంటే జనం ఇంకో జత కళ్లద్దాలు కొనుక్కోవాల్సి వస్తోంది. ఫ్రేము బొమ్మ మీద వేలు పెడితే చీటీ వస్తుందా? నిమ్మపండు రంగు చీటీ, దాని మీద తెల్లక్షరాలు! మొన్న ఒకావిడ షాపుకొచ్చి, 'ముందు మీ పేజీకి కంటి పరీక్ష చేయించండి, తర్వాత మాకు చేద్దురుగాని' అని నా మొహం మీదే అనేసి పోయింది."

పిచ్చుక తల వంచుకుంది. ఆయన గొంతు తగ్గించాడు.

"మీ నాన్నగారి మీద గౌరవంతో ఇన్నాళ్లూ ఆగాను. మా బావమరిది ఈ పని కొత్తగా నేర్చుకున్నాడు. 'నాకియ్యి బావా, నాకియ్యి బావా' అని ప్రాణం తీస్తున్నాడు. వచ్చే వారానికల్లా ఇది సరిచెయ్యకపోతే వాడికిచ్చెయ్యక తప్పదు. వాడి సంగతి నీకు తెలీదు. 'ఇదా ఆ పెద్దాయన పనితనం' అని పది మందికీ చూపించి నవ్వుతాడు. అది నాకిష్టం లేదమ్మా. ఆయన మనసుకి ఆ నవ్వు తగలకుండా చూసుకో."

ఆయన వెళ్లిపోయాక కూడా పిచ్చుక కాసేపు మెట్ల మీదే ఉండిపోయింది. షాపు పోతే పోతుంది. నవ్వు మాత్రం ఈ గుమ్మం దాటి లోపలికి రాకూడదు అనుకుంది.

పేజీలో బొమ్మ మీద వేలు పెట్టగానే పక్కన తెరుచుకునే చిన్న పెట్టెను ఆ పనిలో ఉన్నవాళ్లందరూ టూల్‌టిప్ అంటారు. వీళ్లింట్లోనూ, వీళ్ల దగ్గరికొచ్చే షాపులవాళ్ల నోట్లోనూ మాత్రం దాని పేరు చీటీ. ఫ్రేము పేరు, ధర, ఏ రంగుల్లో దొరుకుతుంది, అన్నీ అందులో కనిపిస్తాయి. ఆ చీటీలు తెరిచే ప్లగిన్‌ను, అంటే ఏ పేజీకైనా తగిలించుకోగల చిన్న ప్రోగ్రామును, నాన్న తన జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో సొంతంగా రాసుకున్నాడు. తర్వాత ఆయన కట్టిన ప్రతి పేజీలోనూ, చెప్పుల షాపైనా, సైకిళ్ల షాపైనా, మందుల షాపైనా, ఆ చీటీలే తెరుచుకునేవి. "పేజీలు ఎవరైనా కడతారు, చీటీ నాది" అని మురిసిపోయేవాడు.

కిందటి వానాకాలం నుంచి ఆయనకు మతిమరుపు పట్టుకుంది. డాక్టరు చెప్పాల్సిన మాట చెప్పాడు. నాన్న నవ్వి కొట్టిపారేశాడు. "ఆ డాక్టరు నా పేరు ఫైలు చూసి పిలిచాడు. మతిమరుపు ఎవరికో నువ్వే చెప్పు" అన్నాడు.

నవ్వినంత మాత్రాన జబ్బు ఆగుతుందా! రోజూ పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకుని, ఉద్యోగానికి వెళ్లేవాడిలా ముందుగదిలోకి వచ్చి కూర్చుంటాడు. కళ్లద్దాల షాపు పేజీకి తగిలించిన ప్లగిన్ ఫైలు తెరుస్తాడు. చీటీకి నిమ్మపండు రంగు పెడతాడు. మొదట్లో ఆ రంగే ఉండేదట. మధ్యలో ఎన్నో రంగులు మారాయి. ఆ మధ్యలోవన్నీ ఆయన బుర్రలోంచి జారిపోయి, అడుగున ఉన్న మొదటి రంగు మిగిలింది. అక్షరాలు తెల్లగా ఎందుకు మార్చాడో మాత్రం ఎవరికీ తెలీదు. అడిగితే, "అలాగే ఉండాలి" అంటాడు.

పిచ్చుక ఒకసారి ఆ ఫైలు తనే సరిచేసి చూసింది. మర్నాడు పొద్దున నాన్న దాన్ని తెరిచి బిగుసుకుపోయాడు.

"నా ఫైల్లో చెయ్యి ఎవరు పెట్టారు?"

పిచ్చుక గిన్నెలు సర్దే వంకతో వంటింట్లోకి తప్పుకుంది.

"ఇంట్లో దొంగలు పడ్డా ఇంత బాధ ఉండదే. వాళ్లు తీసుకుపోతారు. ఇది రాసినదాన్ని మార్చెయ్యడం" అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. పిన్ని తలుపు దగ్గర నిలబడి, "బావగారూ, కోపం వంట మీదా, వండినదాని మీదా?" అని వేళాకోళమాడినా నవ్వలేదు. సాయంత్రానికి నిమ్మరంగు మళ్లీ వచ్చేసింది.

కాబట్టి ఫైలు జోలికి పోకూడదు. బయటి నుంచే ఏదో ఒకటి చెయ్యాలి.

పేజీకి వేసే రంగులూ హంగులూ మామూలుగా వేరే ఫైల్లో ఉంటాయి. దాన్ని స్టైల్ షీట్ అంటారు. పిచ్చుక అందులో చీటీకి ముదురు నీలం రంగు రాసింది. మారలేదు. ఇంకా స్పష్టంగా, ఫలానా పేజీలో ఫలానా పెట్టెలో ఉన్న ఫలానా చీటీ అని చిరునామాతో సహా రాసింది. అయినా మారలేదు. ఎందుకు మారదో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు నాన్నే చెప్పాడు. చీటీ తెరుచుకున్న క్షణంలో ప్లగిన్ దాని ఒంటి మీదే రంగు రాసేస్తుంది. "పచ్చబొట్టు ఉన్నవాడికి చొక్కా మారిస్తే పచ్చబొట్టు పోతుందా?" అనేవాడు.

ఆ పచ్చబొట్టును కూడా కప్పెయ్యగల మాట ఒకటుంది. లైను చివర ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టి, దాని పక్కన ఇంపార్టెంట్ అని రాయాలి. అప్పుడు ఒంటి మీద ఏం రాసి ఉన్నా చెల్లదు, ఆ లైను చెప్పిందే చెల్లుతుంది. అదీ నాన్నే చెప్పాడు, కాకపోతే మొహం చిట్లించుకుని చెప్పాడు. "అది గొంతు చించుకుని అరవడం. ఇవాళ నువ్వు అరుస్తావు, రేపు నీ మీద ఇంకొకడు అరుస్తాడు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకు" అన్నాడు.

పిచ్చుక చాలాసేపు కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. తర్వాత రాసింది. నేపథ్యం నీలం, ఇంపార్టెంట్. అక్షరాలు తెలుపు, ఇంపార్టెంట్. వెడల్పు ఇంత, ఇంపార్టెంట్. చీటీ వెంటనే మాట వింది. ఎవరి ముందూ గొంతు లేపని పిల్ల మొదటిసారి అరిచింది. అదీ కన్నతండ్రి మాట మీద, చిన్న చప్పుడైనా లేకుండా.

నాన్న కంప్యూటర్‌లో ఉన్నది మూలం. జనం చూసే పేజీ ఇంకెక్కడో పెద్ద యంత్రంలో ఉంటుంది. ఇక్కడి నుంచి అక్కడికి ఎక్కించే పని పిచ్చుకది. ఆమె తన అరుపును అక్కడ మాత్రమే పెట్టింది. నాన్న పొద్దున్నే నిమ్మరంగు పెట్టుకుంటాడు, తన తెర మీద నిమ్మరంగు చీటీ చూసుకుంటాడు, తృప్తిగా లేస్తాడు. పిచ్చుక ఆ ఫైలును అక్షరం మార్చకుండా ఎక్కిస్తుంది. అక్కడ అది నీలం కింద అణిగి ఉంటుంది. ఎవరి లోకం వాళ్లది. ఇల్లు కుదుటపడింది.

"నీ తెలివి మండ, ఇంత పని ఎలా చేశావే?" అంది పిన్ని, కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తకుండానే.

"తప్పు కదా పిన్నీ?"

"తప్పో ఒప్పో, అన్నం తింటున్నాడు మా బావ. నాకది చాలు."

కళ్లద్దాలాయన మంచివాడు. ఆ మంచితనమే కొంప ముంచింది. ఒక రోజు మధ్యాహ్నం పిచ్చుక బజారుకు వెళ్లినప్పుడు, ఆయన ఇటుగా పోతూ ఊరికే పోలేక లోపలికి వచ్చాడు. "గురువుగారూ, చీటీలు ముత్యాల్లా ఉన్నాయండీ! మీ చెయ్యి మీ చెయ్యే!" అంటూ ఫోను తీసి నాన్న చేతిలో పెట్టాడు. పిన్ని వెనకగది నుంచి పరుగెత్తుకొచ్చేసరికే ఆలస్యమైపోయింది. నాన్న వేలు బొమ్మ మీద ఉంది. నీలం చీటీ తెరుచుకుని ఉంది.

పిచ్చుక తిరిగొచ్చేసరికి నాన్న పేజీని కంప్యూటర్‌లో తెరిచి కూర్చున్నాడు. పక్కనే చీటీ లోపలి రాత చూపించే గడిని కూడా తెరిచాడు. ఏ లైను ఎక్కడి నుంచి వచ్చిందో అందులో కనిపిస్తుంది. గెలిచిన లైను మామూలుగా ఉంటుంది. ఓడిపోయినదాని మీద అడ్డంగా గీత పడుతుంది. నాన్న రాసిన నిమ్మరంగు లైను అక్కడ ఉంది, దాని మీద సన్నని గీత ఉంది.

"నా లైను కొట్టేసి ఉంది చూడు" అన్నాడు నాన్న మెల్లగా. "ఎవరు కొట్టారే?"

పిచ్చుక రాసిన లైను అదే గడిలో కాస్త కింద ఉంది. వేలితో ఒక్కసారి కిందికి జరిపితే కనిపిస్తుంది. ఒకప్పటి నాన్న అయితే గీత చూడగానే గొడ్డలి ఎవరెత్తారని నవ్వేవాడు. ఇప్పుడాయన చూపు ఆ గీత మీదే ఆగిపోయింది. కిందికి జరపాలన్న సంగతే ఆయన చేతికి గుర్తు లేదు.

చెప్పేద్దామని నోరు తెరిచింది. తేలు కుట్టిన దొంగలా మళ్లీ మూసుకుంది.

ఆ మర్నాడు ఆయన తన ఫైలును మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివాడు. తప్పు దొరకలేదు. లేని తప్పు ఎలా దొరుకుతుంది? ఆ పైరోజు మళ్లీ చదివాడు. తల దువ్వుకోవడం మానేశాడు. అన్నం దగ్గర కూర్చుని కంచంలో వేలితో గీతలు గీసేవాడు. చెప్పిన మాట గంటలో మర్చిపోయే మనిషి, కళ్లతో చూసిన ఆ గీతను మాత్రం మర్చిపోలేదు.

"తప్పు ఎప్పుడూ పేజీలో ఉండదు, రాసినవాడిలో ఉంటుంది అనేవాణ్ణి కదా" అన్నాడు ఒకనాడు. గొంతులో కోపం లేదు. అందుకే పిచ్చుకకు భయం వేసింది. "ఆ డాక్టరు చెప్పింది నిజమేనమ్మా. నా బుర్ర పోయింది. నేను రాసింది నేనే కొట్టేసుకుంటున్నాను, కొట్టేసినట్టు నాకే తెలీట్లేదు."

"నాన్నా, అలా ఏం కాదు."

"నువ్వు నాకో పని చేసిపెట్టాలి. నా ప్లగిన్ ఎన్ని షాపుల్లో ఉందో అన్నిట్లోంచి తీసెయ్. బుర్ర చెడినవాడి రాత జనం మధ్య ఉండకూడదు. రేపు ఎవరి ధర ఎవరికి చూపిస్తుందో ఏమో."

వెనకగదిలో మిషను చప్పుడు ఆగిపోయింది.

పిచ్చుక లేచి వెళ్లి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. మౌసు అందుకుని గడిని కిందికి జరిపింది. నీలం లైను పైకి వచ్చింది.

"ఇది నేను రాశాను నాన్నా. నీ రాత సరిగ్గానే ఉంది. దాని మీద నేను అరిచాను."

నాన్న వంగి చదివాడు. ఆశ్చర్యార్థకం దగ్గర ఆగాడు. మళ్లీ చదివాడు. మొహంలోకి రక్తం వచ్చినట్టయింది. ముందు వచ్చింది ఊరట. "అయితే నా తప్పు కాదన్నమాట" అని గట్టిగా ఊపిరి వదిలాడు. వెంటనే ఆ ఊరట వెనకాల ఇంకొకటి వచ్చింది. కూతుర్ని చూశాడు.

"నాకు చెప్పకుండానా?"

పిచ్చుక మౌసు వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నాది చూడటానికి అంత బాగోలేదా?"

"కళ్లద్దాలాయనకి వేరే రంగు కావాలన్నాడు నాన్నా" అంది. మిగతాది మింగేసింది.

నాన్న గడి మూసేసి, "సరేలే, ఉంచు. అడిగినవాడికి అడిగింది ఇవ్వాలి" అన్నాడు. ఆ పూట అన్నం తిన్నాడు. ఆయన కంచం ఎత్తుతూ పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుంది. పీడ విరగడైందని ఇద్దరూ అనుకున్నారు.

మర్నాడు పొద్దున నాన్న అదే గడి తెరుచుకుని కూర్చున్నాడు.

"పిచ్చుకా, నా లైను ఎవరో కొట్టేశారే!"

ఆమె మళ్లీ చెప్పింది. ఆయన మళ్లీ వంగి చదివాడు, మళ్లీ ఊపిరి వదిలాడు, మళ్లీ ఆమె వైపు తిరిగి, "నాకు చెప్పకుండానా?" అన్నాడు. ఆ మరుసటి రోజూ అంతే. వినేదానికి పాతబడింది, అనేవాడికి ప్రతిసారీ కొత్తే. రోజూ ఆ మొహం కళ్లముందే వాడిపోయేది. దాన్ని అలా చూడటం కంటే చెంపదెబ్బ తినడం నయమనిపించేది ఆమెకు.

"రోజూ ఆయన్ని పొడిచి, రోజూ కట్టు కట్టడం ఏంటే?" అంది పిన్ని, ఆమెను వెనకగదిలోకి లాగి. "ఆ మాయదారి లైను తీసి పారెయ్. గీత పోతుంది."

"తీస్తే జనం నవ్వుతారు పిన్నీ. ఆ బావమరిది ఊరంతా చూపిస్తాడు."

"ఊళ్లోవాళ్లు నవ్వితే ఆయనకి వినపడుతుందా? ఇక్కడ ఈ గదిలో ఏడుస్తున్నది ఎవరు?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పిచ్చుక రెండు రోజులు అటూ ఇటూ కాకుండా తిరిగింది. చివరికి కళ్లద్దాలాయనకు ఫోను చేసింది.

"మీ పేజీ మీ బావమరిదికి ఇచ్చెయ్యండి."

"ఏంటీ? గట్టిగా చెప్పమ్మా."

"ఇచ్చెయ్యండి అంటున్నాను. మావల్ల కాదండీ."

"అదేంటి, బంగారంలా ఉంటేనూ! ఎవరైనా ఏమన్నా అన్నారా?" అంతలో ఆయనకే తట్టింది. "నాన్నగారి కోసమా?"

అవతల ఆయన నిట్టూర్చడం వినిపించింది.

"సరేనమ్మా. పాత చీటీలు ఎవరికీ చూపించొద్దని వాడికి చెప్తాను. చెప్పడం వరకే నా వంతు, వాడి నోరు నా చేతిలో లేదు."

ఫోను పెట్టేసి లోపలికి వచ్చి, తను రాసిన నీలం లైన్లన్నీ చెరిపేసింది. చెరపడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇక్కడి నుంచి అక్కడికి ఎక్కించి, నాన్నను పిలిచింది.

"నాన్నా, ఇప్పుడు చూడు. గీత లేదు."

నాన్న కుర్చీ ముందుకు లాక్కున్నాడు. గడిలో నిమ్మరంగు లైను ఏ మచ్చా లేకుండా ఉంది. ఆయన దాన్ని చూసి తల ఊపాడు. పిచ్చుక గుండె తేలికపడింది. తలుపు దగ్గర నిలబడ్డ పిన్ని చేతిలో సగం కుట్టిన చొక్కా ఉంది.

తర్వాత ఆయన ఫ్రేము బొమ్మ మీదికి బాణం జరిపాడు. చీటీ తెరుచుకుంది. ఆయన ముందుకు వంగాడు, ఇంకా వంగాడు, తెరకు ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్లాడు.

"ఇందులో ఏం రాసుందే?"

"ఫ్రేము పేరు నాన్నా."

"కనపడట్లేదే. పసుపు మీద తెలుపేంటి, సున్నం గోడ మీద సుద్దముక్కతో రాసినట్టు! ఎవడు పెట్టాడీ రంగు?"

పిన్ని చొక్కాను గుండెలకు అదుముకుంది. పిచ్చుక తెర వదిలి నాన్న మొహంలోకి చూసింది. ఆయన కళ్లల్లో మబ్బు లేదు. పాతికేళ్ల కింద ఎలా ఉండేవో అలా ఉన్నాయి, నిలదీస్తున్నాయి. ఈ చూపు ఈ పూట వస్తుందని ముందే తెలిసి ఉంటే! ఇది ఎంతసేపు ఉంటుందో కూడా ఆమెకు తెలీదు.

"నేనే పెట్టాను నాన్నా" అంది.

"నువ్వా? ఇది కళ్లద్దాల షాపు పేజీ కదే. జనం నవ్వరా?"

"నవ్వుతారు."

"మరి?"

"తెలీక పెట్టాను."

నాన్న తిట్టలేదు. జాలిగా చూశాడు. చిన్నప్పుడు ఆమె సైకిలు మీద నుంచి పడి మోకాలు చెక్కుకుని వచ్చినప్పుడు కూడా ఇలాగే చూసేవాడు.

"రాకపోవడం సిగ్గు కాదు, అడక్కపోవడం సిగ్గు. పక్కన నన్ను పెట్టుకుని ఇదేం పని? జరుగు, నేను చూపిస్తాను. ఇవాళ మార్చేసి ఆయనకి ఫోను చేద్దాం."

పిచ్చుక జరిగింది. ఆ పేజీ ఇక తమది కాదని చెప్పలేదు. ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు, వేళ్లు విరుచుకున్నాడు. "ముందు రంగు ఎక్కడ రాసుందో వెతకాలి. వెతక్కుండా మార్చేవాడు గుడ్డివాడు. వెతకాలంటే ముందు..." అంటూ చేతులు కీబోర్డు మీదికి తెచ్చాడు.

వేళ్లు అక్కడే, అక్షరాలకు కొంచెం పైన, ఆగిపోయాయి. ఆయన తెర వైపు చూశాడు. కిటికీ వైపు చూశాడు. మళ్లీ తెర వైపు చూశాడు.

పిచ్చుక తన కుర్చీని ఆయన కుర్చీకి ఆనించి కూర్చుంది.

"తొందరేం లేదు నాన్నా."

"ఆ, తొందరేముంది" అన్నాడాయన, వేళ్లు కిందికి దించకుండానే.